ఒక్క పప్పు తక్కువ

కాశీబుగ్గ బట్టీలోకి
రంగు చూసి పప్పు ఏరే మిషను దిగింది.
దాని నుదుట ఎర్ర అంకెలు.
గుండూ బద్దా మాడిందీ
ఒక్కొక్కటే లెక్కేసుకుంటూ
శనివారం సందేళ ఆగింది:
ఐదు లక్షల పది వేల ఐదు వందల పది.

నేను గుమస్తాని.
అంకె కనబడితే భాగించకుండా ఉండలేని జబ్బు నాది.
బస్సు టిక్కెట్టు, లారీ నంబరు, కరెంటు బిల్లు, ఏదైనా.
లెడ్జరు అట్ట వెనక పెన్సిలు పెట్టాను.

రెండుకి లొంగింది. మూడుకి. ఐదు సరేసరి.
ఏడు ఊరికే ఎవరితోనూ కలవదు,
కలిసింది.
పదకొండు. పదమూడు.
పదిహేడు దగ్గర పెన్సిలు ఆగింది కాసేపు,
ముప్ఫై వేల ముప్ఫై, శేషం సున్న.
బడిలో ప్రధాన సంఖ్యలని చెప్పిన మొండిఘటాలు
మొదటి ఏడూ, తలా ఒక్కసారి,
చేతులు పట్టుకుంటే పుట్టిన అంకె ఇది.
దీని ఎడమింటి అంకెకీ కుడింటి అంకెకీ
ఈ ఏడుగురిలో ఒక్కరితోనూ చుట్టరికం లేదు.

షావుకారు నా భుజం మీంచి చూశాడు.
"పదిహేడుకి సరిపోయిందన్నమాట.
మిషనొచ్చింది కదా,
బల్ల కాడ కూడా పదిహేడు మంది చాల్లే."

బల్ల చుట్టూ పందొమ్మిది మంది.
జీడి తిన్న వేళ్లు, బూడిద రాసిన అరచేతులు.
చివర తవిటమ్మ,
పక్కన ఏడో నెల కడుపుతో ఆమె కోడలు.

పందొమ్మిదితో భాగించాను.
మిగులు పద్దెనిమిది.
మళ్లీ చేశాను. పద్దెనిమిదే.
దాన్ని మిగులనే నేర్పారు మాకు,
కాని అది మిగులు కాదు, ఒక్కటి తక్కువ.
ఇంకొక్క పప్పుంటే
తలా ఇరవై ఆరు వేల ఎనిమిది వందల అరవై తొమ్మిది.

తలెత్తాను.
ఆ కోడలి కుడి బుగ్గ కాస్త ఎత్తుగా ఉంది.
నమలడం లేదు,
నానబెడుతోంది.

తవిటమ్మ నన్నే చూస్తోంది.
"ఏటి బాబూ, లెక్క తేల్నేదా?"
"తేలిందమ్మా" అన్నాను.

చివరి పది కొట్టేసి పదకొండు రాశాను.
ఇప్పుడది పదిహేడుకి లొంగదు.
సోమవారం షావుకారు ఏం చేస్తాడో
ఏ భాగహారమూ చెప్పలేదు.

గేటు దగ్గర సోదా.
రోజూ గోలగోలగా వెళ్లేవాళ్లు
ఇవాళ పందొమ్మిది మందీ
నోరు మూసుకునే దాటారు.