ఒక గింజ మిగిలింది

ముహర్రఖ్‌లో, అబాయాల కొట్టు పైగదిలో,
ఆర్డర్ల పుస్తకం వెనక పేజీల్లో
నేనొక నవల రాస్తున్నాను.
నూరేళ్ళ కిందటి ముత్యాల కాలం.
ఆమె మోజా,
సముద్రంలోకి దిగి పైకి రాని ఈతగాడి భార్య.
అతను వీరరాఘవులు,
బందరు నుంచి అద్దకం గుడ్డల బేళ్ళతో వచ్చి
ముత్యాల షావుకారు దగ్గర గుమాస్తాగా ఉండిపోయినవాడు.

మొదటిసారి రాసినప్పుడు
గాలికి ఆమె ముసుగు తొలిగింది,
అతని చేతిలో కలం జారింది.
రాజవ్వకి చదివి వినిపించాను.
జగిత్యాల మనిషి. పదకొండేళ్ళుగా
పరాయి ఇళ్ళ గచ్చు తుడిచిన చేతులు.
చపాతీ కాలుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:
"మొగడు సచ్చి మూడు నెల్లు గాలే, అప్పు నెత్తి మీదుంది.
గాలికి ముసుగు లేస్తే ప్రేమెట్ల పుడ్తది పిల్లా?
ముసుగు సదురుకుంటది, గంతే."

కొట్టేశాను.

రెండోసారి అతనిచేత అప్పు మాఫీ చేయించాను.
"వాని అయ్య సొమ్మా? నౌకరి ఊడుతది.
దయ జూపినోన్ని జూస్తే దండం పెట్టబుద్ధయితది గని..."
మిగతా మాట చపాతీతో పాటు తిరగేసింది.

అదీ కొట్టేశాను.
ఏసీ నీళ్ళు బకెట్లో చుక్క చుక్కగా పడుతున్నాయి.
పగలంతా నలుపు మీద నలుపు కుట్టి కుట్టి
రాత్రి తెల్లకాగితం చూస్తే కళ్ళు మండుతాయి.
నెల రోజులు ఒక్క అక్షరం రాయలేదు.

తర్వాత, ఒక జీతాల రోజు రాత్రి,
ఏడో అధ్యాయం వచ్చింది.

వీరరాఘవులుకి అరబ్బీలో అంకెలు తప్ప మాటలు రావు.
మోజాకి చదువు రాదు.
గడప అవతల కూర్చుని ఖర్జూరం గింజలు పేర్చింది,
మొగుడు తీర్చిన రూపాయికొక గింజ.
అతను పద్దు చదివాడు.
చదివిన ఒక్కో రూపాయికి ఒక్కో గింజ పక్కకి జరిపింది.
పద్దు అయిపోయింది.
ఒక గింజ మిగిలింది.

అతను నవ్వలేదు.
మళ్ళీ మొదటి నుంచి చదివాడు, ఈసారి మెల్లగా.
మళ్ళీ ఒక గింజ.
మూడోసారి దీపం దగ్గరికి లాక్కుంటే
ఉక్కకి రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి.
గోటితో విడదీశాడు.
లోపల, ఆమె భర్త ఆఖరిసారి కట్టిన రూపాయి,
పక్కన అతని వేలిముద్ర.

ఆమె ఆ వేలిముద్రనే చూస్తూ ఉండిపోయింది.
అతను మొహం అటు తిప్పుకుని
అవసరం లేకపోయినా కలం చెక్కుకున్నాడు.
వెళ్తూ గింజలన్నీ ఏరుకుంది,
ఒక్కటి గడప మీద వదిలింది.
వదిలిందో, మర్చిపోయిందో
రాసినదాన్ని, నాకే తెలీదు.

రాజవ్వ చాలాసేపు మాట్లాడలేదు.
"ఇగ పుడ్తదేమో," అంది. "తొందరపెట్టకు.
గని, గీ ముచ్చట నీకెట్ల తోచింది?"

చెప్పలేదు.
జీతాల రోజున ముదలాళీ నలభై ఒక్కటి అన్నాడు,
నేను నలభై మూడు అన్నాను.
అందరూ నవ్వారు.
కటింగ్ మాస్టర్ జబ్బార్ నవ్వలేదు.
బల్లకింద చెత్తబుట్ట బోర్లించి
నేను కుట్టినవాటి మెడ కత్తిరింపులు,
గుండ్రటి నల్ల ముక్కలు,
ఒక్కొక్కటే ఏరి బల్ల మీద పేర్చాడు.
నలభై మూడు.
నా వైపు చూడనైనా లేదు.
వెళ్ళి ఇస్త్రీపెట్టె స్విచ్ వేసుకున్నాడు.

మోజా కథలో ప్రేమ అన్న మాట ఇంకా రాయలేదు.
ఇంకో నలభై పేజీలైనా పడుతుంది.
ఆమెకి అతని పేరు పలకడం రావాలి,
అతనికి అంకెలు కాని మాట ఒక్కటైనా రావాలి.

నిన్న రాజవ్వ ఆర్డర్ల పుస్తకం తెరిచింది.
లోంచి గుండ్రటి నల్లగుడ్డ ముక్క జారిపడింది.
"గిదేంది?"
"పేజీ గుర్తు," అన్నాను, దారం ఎక్కిస్తూ.

నా మొహంకేసి చూస్తూ నిలబడింది.
పెనం మీద చపాతీ మాడింది.