ఎడమచేతివాడు

త్రిశూలం కొండని సగం తిన్న చేతులు మా తాతవి.
ఓబయ్యగా రాళ్లు కొట్టాడు,
బాప్తిస్మం తర్వాత ఓబద్యాగా కొట్టాడు.
సుత్తికి తేడా తెలీలేదు.

లోకం వయసు ఆరువేల ఏళ్లని
వంశావళి అంతా లెక్కగట్టి చెప్పేవాడు,
కుడిచేతికి మిగిలిన మూడు వేళ్లమీద.

నేను జన్యుశాస్త్రం చదువుతున్నాను.
మనుషులు ఎప్పుడూ ఇద్దరే లేరు,
ఎంత తగ్గినా వేలల్లో ఉన్నారంటుంది మా మేడమ్.
ఆదివారాలు ఆ నోట్సుని
బియ్యం డబ్బా వెనక పెట్టేదాన్ని.

ఎగ్మూరు మ్యూజియం. ఫ్యాను తిరగని గది.
అద్దం వెనక అరచేతంత రాయి,
మా పల్లావరం వైపు మట్టిలో దొరికిందట.
'ఎన్నేళ్లదంట, చదువమ్మీ.'
'చాలా, తాతా.'
'అంకె చదువు.'
చదివాను. లక్షల్లో ఉంది.
చదివి, ఆయన మొహం వైపు చూడలేక
చెప్పుల వైపు చూశాను.

తాత ఏమీ అనలేదు.
అద్దానికి ముక్కు ఆనించాడు. ఊపిరికి మసకేస్తే
చొక్కా అంచుతో తుడిచి మళ్లీ చూశాడు.
ఎడమచెయ్యి ఎత్తి
లేని సుత్తిని రెండుసార్లు దించాడు.

'ఎడమచేతివాడు' అన్నాడు.
'ఇదిగో, ఇక్కడ పెచ్చు తప్పుగా లేచింది.
విసిరి పారెయ్యలేదు. తిప్పి, ఈ పక్కనుంచి కొట్టాడు.
చెమటోడ్చి తిన్నవాడే.
తోటలోంచి గెంటించుకున్న మనిషే వీడు.'

తాంబరం లోకల్లో నిలబడే చోటు లేదు.
వేలమంది సంగతి అప్పుడు చెప్పాను,
ఎవరిదో చేపలబుట్ట మీదుగా వంగి, ఆయన చెవిలో.
తాత పెట్టె ఈ కొసనుంచి ఆ కొసదాకా చూశాడు.
'ఇంతమందా?'
'ఇంకా ఎక్కువ.'
మీనంబాక్కం దాటేదాకా ఆలోచించాడు.
'ఎక్కడున్నావురా అని ఆయన పిలిస్తే
మొదట సిగ్గుపడి చెట్టుచాటుకి పోయింది
వీళ్లలో ఎవరంట? మీ మేడమ్‌కి తెలుసా?'
తెలీదన్నాను.
'నాకూ తెలీదు' అన్నాడు.
ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

ఆరువేల లెక్క మళ్లీ ఎత్తలేదు.
వదిలేశాడనీ చెప్పలేను.

ఆ రాత్రి ప్రార్థన బాగా పొడుగైంది.
అమ్మ మోకాళ్ల నొప్పి, నా పరీక్షలు,
క్వారీలో మందుగుండుకి పోయినవాళ్లు పేరుపేరునా.
ఆమెన్ అనబోయి ఆగాడు.
'ఆ ఎడమచేతివాడు కూడా, ప్రభువా.
రాళ్ల పని.
వాడి వేళ్లు కాపాడు.'