పదిహేడో ప్రశ్న

చిల్వా సరస్సు ఈ యేడు
మైలు దూరం వెనక్కి నడిచింది.
నెర్రెలిచ్చిన బురదలో పడవలు
ఒక పక్కకి ఒత్తిగిలి పడుకున్నాయి.
కబాజా సైకిలు వెనక సీటు మీద,
ఒళ్ళో ఫారాల కట్ట ఎగిరిపోకుండా మోచేయి ఆనించి,
మూడు నెలలకోసారి వచ్చినట్టే వచ్చాను.
చూసి రాసుకోవడం నా ఉద్యోగం.
ప్రశ్నలు పదహారు.

అబిటి జఫాలి ఇంటి ముందు
నడుమెత్తున రెండు వెదురు కడ్డీలు.
మనవడు లింబికని నడక నేర్చుకోవాలని
నాలుగేళ్ళ కిందట మేమే పాతించాం.
ఇప్పుడు వాటి మీద వల ఆరేసి ఉంది.

*పరికరం వాడుకలో ఉందా?*

పెన్ను 'లేదు' గడి మీద వాలబోతుంటే
ముసలామె కిసుక్కున నవ్వింది.
"ఆ వల ఆరేసింది వాడే.
ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో పరుచుకుంటూ
ఈ కొస నుంచి ఆ కొసకి, రోజూ.
మీరు నేర్పిన కసరత్తు చెయ్యమంటే ఏడ్చేవాడు నాయనా,
దీనికి పిలవక్కర్లేదు."

ఉంది, లేదు, మధ్యన సన్నటి గీత.
సిరా దాని మీదే పడింది.

*తనంతట తాను తింటాడా? సాయంతోనా?*

ఆమెకి ప్రశ్న బోధపడలేదు.
రెండోసారి అడిగాను, కాస్త గట్టిగా,
చెవుడు ఆమెకే ఉన్నట్టు.
"మా ఇంట్లో ఒంటరిగా ఎవరూ తినరు కదా.
న్సిమా పళ్ళెం ఒకటి, చేతులు ఏడు.
ఎవరి ముద్దకి ఎవరి సాయమో
నేనెప్పుడూ లెక్క పెట్టలేదు."

*బడికి వెళ్తున్నాడా?*

"చక్రం వెళ్తే వెళ్తాడు."
గోడవార మూడు చక్రాల బండి,
రెండు చక్రాల మీద,
కుంటి మేకలా మూతి నేలకి వాల్చి.

*ఊరి పనుల్లో పాలుపంచుకోవడం: ఒకటి నుంచి ఐదు దాకా ఎంత?*

దూరంగా చేపలెండేసిన తడకల దగ్గర
లింబికని కొంగల్ని అదిలిస్తున్నాడు.
వాడి మాట తేటగా రాదు, పదాలు గొంతులోనే చిక్కుపడతాయి.
కొంగలకి మాత్రం ప్రతి అక్షరం అర్థమైంది.
ఒక్కటీ వాలలేదు.
నేను మూడు వేశాను.
ఎందుకు మూడో
ఇప్పటికీ చెప్పలేను.

అప్పటిదాకా గడపలో కూర్చుని
పోలియో కాలు చాపి వింటున్న ఎస్నాటి
(ఈ ఏడు గూడేలకీ మా స్వచ్ఛంద కార్యకర్త,
జీతం లేదు, ఒక టీషర్టు, ఒక గొడుగు)
చిటెంజే మడతలోంచి ఒక దారం తీసింది.
వలలు అల్లే నల్ల దారం.

"పెద్ద ముళ్ళు మీరొచ్చిన రోజులు. తొమ్మిది.
ఎర్ర పేలిక, ఆ ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చిన రోజు.
ఇదిగో ఇక్కడ చక్రం బాగు చేయిస్తామన్నారు.
వారానికో బెత్తెడు వదులుతున్నా."
అక్కణ్ణించి దారం నునుపుగా, ఏ ముడీ లేకుండా,
మోచేతికి చుట్టి చుట్టి కొలిచింది.
నాలుగు మూరలు.

"మీ కాగితంలో మా మీద పదహారు ప్రశ్నలున్నాయి.
మీ మీద ఒక్కటీ లేదేం?"

గొంతులో కోపం లేదు.
ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

అంచున ఖాళీ చూసుకుని రాశాను:
*పదిహేడు. చెప్పి వెళ్ళినవాళ్ళు చేసి చూపించారా?*
గడులు నేనే గీశాను, వంకరగా.
నింపమని కాగితం ఆమె వైపు తిప్పితే
చదువు రాని ఎస్నాటి
చాలాసేపు చూసి
"ఇప్పుడే ఎందుకు?" అంది. దారం మళ్ళీ దోపుకుంది.

జోంబా ఆఫీసులో వైసన్ అంటాడు, తెలుసు:
కంప్యూటర్లో పదహారు దాకానే అరలున్నాయి సార్.

విరిగిన చక్రాన్ని వీపుకి కట్టుకున్నాను.
కబాజా కుర్రాడు ఇద్దరి కిరాయి అడిగాడు.
బేరమాడలేదు.
ఆ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఆలోచిస్తుంటే
బండి గతుకుల్లో పడింది, ఊచలు గలగలమన్నాయి,
వెనక నుంచి లింబికని
బిగ్గరగా ఏదో అరిచాడు.
తరిమాడో,
పిలిచాడో.