కనపడలే

ఓదేలు డబ్బీ తెచ్చి టేబుల్ మీద పెట్టిండు,
దొంగసొమ్ము అప్పజెప్పినట్టు
అటు మొఖం తిప్పుకొని.
నల్ల కవరు, దాని మీద ఇంకో నల్ల కవరు,
దాని మీద దస్తీ.
ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్ల సంది
మిర్చి బస్తాల మచ్చు తీసే మనిషి.
ఈ మచ్చు సంగతి మాత్రం
ఎవ్వలకు చెప్పొద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు.

క్యాసెట్ల మూడు చుక్కలు వేసిన.
అయిదు నిమిషాలు.
తెల్లటి కిటికీల ఒక్క గీత లేచింది.
ఒక్క గీతంటే నెత్తురు జాడ చిక్కలేదని.

"ఏం లేదా?" అన్నడు.

ఆ మాట నా నాలుక కొసదాకా వచ్చి ఆగింది.

పోయిన చలికాలం
మట్టెవాడ నుంచి వచ్చిన ఖమరున్నీసాకు
ఇదే టేబుల్ కాడ, ఇదే నోటితోని చెప్పిన, ఏం లేదని.
చీటీ మడిచి తాళంచెవుల సంచిల పెట్టుకొని
నవ్వుకుంట పోయింది.
కడుపుల నొచ్చినప్పుడల్లా
ఆ చీటీనే తీసి చూసుకున్నదట.
వానకాలం ఎంజీఎం మెట్ల కాడ కలిసినప్పుడు
నన్ను ఒక్క మాట అనలే.
"నీ తప్పేమున్నది బేటీ, మిషన్ చెప్పింది గదా."
మిషన్ చెప్పలే. నేను చెప్పిన.
మిషన్ ఒక గీత గీసి ఊకున్నది.

ట్రైనింగుల లెక్క చెప్పిన్రు మాకు:
రాచపుండు ఉన్నోళ్లు నలుగురొస్తే
ఒక్కసారి పరీక్షల ముగ్గురు దొరుకుతరు.
ఇంకా పుండు గాని బుడిపెలైతే
తప్పించుకునేటియే ఎక్కువ.
ఏ రోగం లేని వందమందిల ఐదారుగురికి
ఉత్తగనే రెండో గీత వస్తది,
మొలలకో, ఇంక దేనికో.
ఆ రాత్రి వాళ్లింట్ల పొయ్యి వెలగదు.
నోట్సుల 'నాలుగో మనిషి' అని రాసుకున్న.
అప్పటికి ఆ మనిషికి పేరు లేదు.

"డబ్బీ ఎప్పుడు నింపినవ్?"
"శుక్రారం."
ఇయ్యాల సోమారం.
"మూడొద్దులు ఎక్కడ పెట్టినవ్?"
"స్కూటర్ డిక్కీల. ఇంట్ల పెడితే పిల్లలు చూస్తరని."
మే నెల. యార్డు రేకుల కింద మనుషులే ఉడుకుతున్నరు.
నెత్తురుంటే గింటే, ఆ కాకకు చెడి
జాడ చెప్పకుండ పోతది.
"మిర్చికి రంగు పోతదని కోల్డ్ స్టోరేజీ,
దీన్ని మాత్రం డిక్కీల పెడ్తివా?"
నవ్విండు. నేను నవ్వలే.

"మళ్ల తేవాలె."
దిగ్గున లేచిండు.
"ఒక్క బస్తాకు ఎన్నిమార్లు చెయ్యి పెడ్తరమ్మా?"
"నువ్వెన్నిమార్లు పెడ్తవ్?"

ఆ ప్రశ్నకు కూసున్నడు.
"మూతి కాడ అందరూ ఎర్రగనే పెడ్తరు.
మోచెయ్యి దాకా పోతెనే తాలు తెలుస్తది.
ఒకపారి తగలలేదంటే తాలు లేదని గాదు,
నా చెయ్యి అటు పోలేదని…"
మధ్యలనే ఆగిండు,
తన మాట తనకే వినపడ్డట్టు.

బేస్తారం పొద్దుగాలనే తెచ్చిండు.
ఈసారి ఒక్కటే కవరు.
రెండో గీత వచ్చిందా అంటే వచ్చింది,
కొత్త చీర జాడిస్తే
పక్క బట్టకు అంటిన రంగంత.
కిటికీ వెలుగుకు పట్టి చూసిన.
ప్రవళికను పిలిచి చూపిన.
"ఉన్నదక్కా" అన్నది.

"ఏమున్నది?" అన్నడు ఓదేలు.
నాకు తెల్వదు.
మొలలు కావచ్చు. బుడిపె కావచ్చు.
కావద్దనుకునేది కావచ్చు.
లోపలికి గొట్టం వేసి చూసేదాకా
గీతకు అర్థం గీతే.

చీటీ రాసిచ్చిన, వచ్చే మంగళారానికి.
మిర్చి చేతులు గదా,
కండ్లు మోచేతితోని తుడుసుకున్నడు.
ఘాటుకో, ఇంక దేనికో.

ఆ పొద్దు మిగిలిన పదకొండు మందికి ఒక్కటే గీత.
ఒక్కొక్కరికి చెప్పిన:
ఈసారి కనపడలే. వచ్చే ఏడు మళ్ల రా.
నడుమల నొప్పి మొదలైతే ఏడు దాకా ఆగకు.

చివరగ వచ్చిన ముసలామెకు కోపమొచ్చింది.
"కనపడలే, కనపడలే అంటవ్.
ఏం లేదని ఒక్క మాట చెప్పరాదు?"

చెప్పరాదు, అన్న.