నాలుగు ఖాళీ గళ్ళు

దూలానికి కాటా కట్టినాను,
కొక్కేనికి నీలం గుడ్డ లాగు తగిలించినాను.
నిన్న రాత్రి రెండు లారీలు దిగినాయి సుగ్గి నుంచి.
కోసిగి రైలు గేటు కాడ నుంచి మా సెంటరు దాకా
ఊరంతా ఒకటే తుమ్ములు.
వరసలో తల్లులు,
కొంగుల్లో ఇంకా పోని మిరప ఘాటు.

ఉరుకుందు. నాగవేణి కొడుకు. పదిహేను నెలలు.
వాని పేజీ తీసినాను.
కార్తీకం దాకా చుక్కలున్నాయి,
పచ్చ పట్టీ అంచున చీమ నడిచినట్ల.
ఆ తర్వాత నాలుగు గళ్ళు
సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా.

రారా అని చేతులు చాపినాను.
వాడు నా చేతుల దిక్కే చూడలేదు.
వీపు తిప్పి, చంకలు పైకెత్తి
నా మోచేతుల కోసం తడుముకున్నాడు.

"కాయ కోసిన చేతులు గదక్కా,
తాకితే బిడ్డకు మంట.
నాలుగు నెలలూ మోచేతుల్తోనే ఎత్తినా.
పాలిచ్చేటప్పుడు గూడా
పోలీసుల ముందర నిలబడినట్ల
అరచేతులు రెండూ గాల్లోనే."

మొదటి మాట ఏమన్నాడు?
దానికి పుస్తకంలో గడి ఉంది.
'అమ్మ' అని సగం రాసేసినా,
"మంట" అనింది నాగవేణి.
"నన్ను చూసి అంటాడు.
అదే నా పేరనుకున్నాడేమో."

ముల్లు ఊగి ఊగి నిలబడింది.
ఏడు కిలోల తొమ్మిది వందలు.
ఆడ కాటా మీద కాయలు, ఈడ కాటా మీద వీడు.
ఎన్ని కింటాళ్ళు కోసిందో నాగవేణికి నోటిలెక్క.
వీడు పెరిగింది మాత్రం మూడు వందల గ్రాములు.

ఫోన్లో గూడా ఎక్కించాల.
సిగ్నలు కోసం నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాల.
గడి వదిలేస్తే అది ఎర్రగా అరుస్తుంది.
"అప్పటి చుక్క, ఇప్పటి చుక్క,
మధ్యలో గీత కొట్టెయ్, అంతే గదా" అంటుంది మేడం.

ఆ గీత యాడాడ పోతుందో మేడానికి తెలీదు.
గుంటూరు పక్క గట్టు మీద టార్పాలిన్ కింద దూరి పోతుంది.
మందు డబ్బా కడిగి పట్టిన నీళ్ళలో తడిసి పోతుంది.
వీణ్ణి ఎత్తుకోను బడి మానేసిన
ఏడేళ్ళ అక్క సుంకులమ్మ నడుం మీద,
అది సగంలో ఆపేసిన మూడో ఎక్కం మీద,
మొబ్బుల లేచి వండిన అన్నంలో
మళ్ళా కారప్పొడే కలుపుకొని
తల్లి నమిలిన ముద్దల మీద పోతుంది.
నా పెన్సిలుకు అంత పొడుగు లేదు.

అట్లని ఇంటికాడ వదిలిపోయినోళ్ళు బాగున్నారని కాదు.
తిక్కమ్మవ్వ కాడ ఉండిపోయింది మహాదేవి, మూడేళ్ళది.
దాని చుక్కలన్నీ ఉన్నాయి.
రోజూ గుడ్డు తినింది, పచ్చ పట్టీ దాటలేదు.
నిన్న లారీ హారన్ వినపడితే
గంప కింద దూరి దాక్కునింది.
దానికి పుస్తకంలో గడి లేదు.

సెంటరు నూనె ప్యాకెట్టు కత్తిరించినా.
రెండు చెంచాలు. యా లెక్కలో చూపాలనో తర్వాత చూసుకుంటా.
నాగవేణి చేతులకు పూసినా,
గోళ్ళ సందుల్లో, వేళ్ళ నెర్రెల్లో,
తర్వాత పుల్లమజ్జిగతో కడిగినా.
వేళ్ళు నాలిక మీద పెట్టుకొని చూసుకునింది.
ఇంగొకసారి కడగక్కా, అనింది.
కడిగినా.

అప్పుడు అరచెయ్యి నిండుగా
వాని చెంప మీద పెట్టింది.
వాడు కండ్లు గట్టిగా మూసుకున్నాడు,
సూది మందుకు మూసుకున్నట్ల.
మెడ బిగించి కాచుకున్నాడు.
ఎంతసేపటికీ రాలేదు అది.
ఒక కన్ను తెరిచినాడు.

నాలుగు గళ్ళూ అట్లనే వదిలేసినా.
వరసలో ఇంకా పదహారు మంది.
"తర్వాత ఎవరమ్మా" అని పిలిచినా గానీ
నాగవేణి లేవలేదు,
నేనూ లేపలేదు.