తరుగు

పొన్నలూరు దారిలో సుబాబుల్ తోట నరుకుతుంటే
కొమ్మతో పాటు గూడూ పడింది.
మాలకొండయ్య తలగుడ్డలో చుట్టుకొచ్చి
నా కుంపటి పక్కన పెట్టాడు.
"నీ కాడైతే వెచ్చగుంటదని తెచ్చా, ఆచారీ."
మూడు ఉడత పిల్లలు.
వీపు మీది చారలు ఇంకా పైకి రాలేదు,
చర్మం కింద నీడల్లా ఉన్నాయంతే.

ఆ రాత్రే తప్పు చేశాను.
జాలి ఎక్కువై గేదెపాలు పట్టాను,
మాకు వాడికగా పోసే చిక్కటి పాలు.
తెల్లారేసరికి ఒకటి
పొట్ట ఉబ్బి, బిగుసుకుపోయి ఉంది.

పశువులాసుపత్రి కాంపౌండరు నాయబ్ రసూలు తిట్టలేదు.
కళ్ళజోడు తుడుచుకుంటా అన్నాడు:
"గేదె దూడ కోసం చేపుద్ది గదబ్బయ్యా,
ఉడత కోసం కాదు గదా."
కుక్కపిల్లల పాలపొడి చీటీ రాసిచ్చాడు.
కందుకూరులో యాడా దొరకలేదు.
ఒంగోలు బస్సు డ్రైవరు సీటు కింద పెట్టుకొచ్చాడు డబ్బా,
దాని మీద బొద్దుగా నవ్వే కుక్కపిల్ల.

ముందు వెచ్చదనం. తర్వాత ఓఆర్ఎస్ నీళ్ళు.
పాలు ఆ తర్వాతే,
చల్లటి ఒంట్లో అరగవట.
ఒక వంతు పొడి, రెండు వంతులు కాచి దించిన నీళ్ళు.
గిలక్కొడితే నురగ, నురగంతా కడుపులో గాలి,
అందుకని బంగారం కరిగే మూసని తిప్పినట్టు
మెల్లగా తిప్పి, ఊరనిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టి
మణికట్టు మీద ఒక చుక్క.
కాలకూడదు, తెలియకుండానూ ఉండకూడదు.

ఎంత పట్టాలి?
నగల త్రాసు గాజు తలుపు తీసి
పళ్ళెంలో దూది పరిచి పెట్టాను.
ఊపిరికి అంకె ఊగింది.
నలభై ఏళ్ళలో తూకం ఊపిరి పీల్చడం
అదే చూడటం.
ఇరవై రెండు గ్రాముల మూడొందల మిల్లీ.
అందులో ఇరవయ్యో వంతు పాలు, చుక్క మించకుండా.

సూది లేని సిరంజి, కొసకి సైకిలు వాల్వు ట్యూబు ముక్క.
వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి,
బోర్లా పట్టుకోవాలి.
యాసిడ్ తిని మొద్దుబారిన నా వేలిని
రెండు చేతులతో పట్టుకుని తాగింది.
తాగాక తడి దూదితో కింద తుడవాలి,
లేకపోతే ఒంటేలు పోయలేదు,
తల్లి నాలుక చేసే పని.

రాత్రి రెండింటికి అలారం.
కాళికమ్మ దుప్పటి తీయకుండానే అంది:
"మన ముగ్గురికీ ఒక్కనాడు లేవలేదు నువ్వు."
నిజమే. జవాబు లేక పాలు వెచ్చబెట్టాను.

కరిగిస్తే తరుగు, సానబెడితే తరుగు,
నా పుస్తకం నిండా అదే పద్దు.
ఇప్పుడు వెనక పేజీలో
రోజూ పొద్దున ఇంకో లెక్క:
ఇరవై రెండున్నర. ఇరవై మూడు.
ఇరవై రెండుముప్పావు (విరేచనం, పాలు పల్చన చేశాం).
ఇరవై నాలుగు.
రెండోదాని గడి ఆరో రోజు నుంచి ఖాళీ.

నిన్న లింగసముద్రం నుంచి ఒకామె
కమ్మలు తూయించడానికొచ్చింది.
ఏమీ పెట్టకముందే త్రాసు
నాలుగు మిల్లీ చూపిస్తోంది.
"ఏంది ఆచారీ ఇది?"
"పాలచుక్క ఎండిందమ్మా."
నమ్మలేదు. ఎవరు మాత్రం నమ్ముతారు?
గుడ్డతో తుడిచాను.
అంకె సున్నాకి రావడానికి
కొంచెంసేపు పట్టింది.