మోసేటోడు

పొద్దుగాల నాలుగున్నరకు అల్ అయిన్‌ల
ఇసుక ఇంకా సల్లగుంటది.
పదిహేడో నంబరు ఒంటె మెడ మీద చెయ్యేస్తే
రెప్పల దుమ్ము దులుపుకొని
నా దిక్కు తిరుగుతది.

సూది ఏసుడు డాక్టర్ ఇహాబ్ పని, సూడాన్ మనిషి.
గొట్టాల మీద తేదీ రాసుడు షైజు పని.
పట్టుకునుడు నాది.

మొదటి నెల ఆ మందును
ఉప్పునీళ్ళల్ల ఒట్టిగ కలిపి ఇచ్చిండ్రు.
ఏ పురుగుల లేనిది, ఏ గడ్డిల మొలవనిది,
గాజు బుడ్డిల మనుషులు పుట్టించింది.
"మరీ సిన్నది, బుచ్చిమల్లూ" అన్నడు డాక్టర్,
"ఒంటె ఒంటికి ఆనదు."
నాలుగు వారాలు నెత్తురు తీసినం.
పలకల తొంభై ఆరు గుంటలు
నీళ్ళ లెక్కనే ఉన్నయ్.

అటెన్క దాన్ని ఓ సముద్రపు నత్త
నీలి నెత్తురుకు అంటుగట్టిండ్రు,
నూనెల గిలకొట్టిండ్రు.
మూడో వారం గుంటలన్ని పసుపు.
షైజు ఈలేసిండు.
"ఇవన్ని ఆ సిన్నదాని కోసం పుట్టిన యాంటీబాడీలేనా?"
డాక్టర్ మూత బిగిస్తనే చెప్పిండు:
"ఎక్కువ మోసినోని కోసమే.
దాని వంతు పిసరంత."

పద్నాలుగేండ్ల కింద బురైమీల దిగిన్నాడు
నా పేరు ఎవ్వలు సదవలే.
కఫీల్ పేరు సదివిండ్రు, ముద్ర గుద్దిండ్రు.

రంజాన్ ఎల్లినంక మోసేదాన్ని మార్చిండ్రు.
నత్త పోయింది, ఎద్దు రక్తంల ప్రొటీన్ వచ్చింది.
మందు అదే, ఒంటె అదే,
మెడ పట్టిన చెయ్యి ఇదే.
గుంటలు గంజి తేటలెక్క పాలిపోయినయ్.
"మరిసిపోయిందా సారూ?"
"మరువలే. సాక్ష్యం చెప్పేటోళ్ళు
పాతోన్నే ఎరుగుదురు."

నేనేమనలే. బురైమీ దాటి ఇటొచ్చిన్నాడు
ఎనిమిదేండ్ల పని
కొత్త కాయితంల సున్నా అయింది,
అది గుర్తొచ్చి నీళ్ళతొట్టి రెండుసార్లు కడిగిన.

బేస్తారం మాపటికి షైజు కేకేసిండు.
ఆ పసుపు నెత్తురు తేటల
సిన్నదాన్నే ఒట్టిగ ఏసిండట,
నత్త లేదు, ఎద్దు లేదు.
పట్టుకున్నదట.
ఆ పిసరంతే,
మోసేటోడు లేకున్నా
దాన్ని గుర్తుపట్టి పట్టుకున్నదట.

"ఇంకోపారి సూడు" అన్న.
సూసిండు.
"ఇంకోపారి" అన్న.

బయట పదిహేడో నంబరు ఒంటె
నా బనీను అంచు నములుతున్నది.